నడిచొచ్చిన పొలిమేర

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా కళ్ళు పోవాల. ఒకటి ముందే పోయిందనుకో, అది వేరే కథ.

యుద్ధం నడిచే రోజులు. పుంగనూరుకు ఆమడ దూరంలో ఒక ఊరు. తెల్లారితే మణెమ్మ రాగులు విసిరేది, సంగటి కెలికేది, తలారి రెడ్డెప్ప కేకకు చెవి ఒగ్గేది. ఆ ఊరి చట్టమది: తలారి పొలిమేర రాయి మీద రెండు కాళ్ళూ మోపి ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు దొర దొడ్లో కూలి లేని చాకిరీకి పోవాల. పన్నెండేళ్ళు నిండిన ఆడపిల్లలు ఆ దొడ్లోనే ఉండిపోవాల. ఏ ఒకరిద్దరో తిరిగొచ్చినా వాళ్ళకు నోట మాట ఉండేది కాదు. రాయి ఎంతంటావా? ఏనుగు వీపు గోక్కోవచ్చు దానికి.

మణెమ్మ కూతురు దయామణికి పన్నెండు నిండబోతున్నాయి.

"మదనపల్లెకు పోదాం. ఆసుపత్రిలో ఊడ్చే పనిస్తారంట," అంది మణెమ్మ.

"పేదోళ్ళం, యాడికి పోతే ఏముండాదే?" అన్నాడు మొగుడు పాపన్న. అన్నాడే గాని తిరగలి నెత్తికెత్తుకున్నాడు.

ఊరిడిచేవాళ్ళు పొలిమేరకు ముద్ద పెట్టాలని మణెమ్మకు వాళ్ళత్త చెప్పింది. పోతా పోతా మణెమ్మ రాయి మీద సంగటి ముద్ద పెట్టింది.

"బాప్తిస్మం తీసుకున్నా నీకీ బుద్ధి పోలా!" అని కసిరాడు పాపన్న.

ముద్ద తిన్న కుక్క వెంటబడక మానుతుందా? రాయీ అంతే. మదనపల్లెలో మూడో పొద్దున తడిక తీస్తే, సున్నం చారలతో సహా వాకిట్లో నిలబడి ఉంది.

"మీ ఊరి రాయి వచ్చిందే," అంది పక్కింటి కృపమ్మ, చుట్టమొచ్చినట్టు.

వెనకే రెడ్డెప్ప, రొప్పుతా. "రాయి యాడుంటే చట్టం ఆడుండాది. పాపకు పన్నెండు నిండేదానికి ఇంకా పది దినాలు. ఆ పొద్దుకు పిలుస్తా."

కుప్పం దారి పట్టారు. వెనక గర్రుమని తిరగలి తిప్పినట్టు సద్దు. తిరిగి చూస్తే రాయి కదలదు. నడిస్తే మళ్ళీ సద్దు, దాని లోపల ఆడపిల్లల ఏడుపు.

కుప్పం చేరినాక దయామణి దాని పక్కన నిలబడింది. "అమ్మా, ఇది నా భుజం దాకే ఉండాది!"

దారి పొడుగునా రాతిపిండి. మణెమ్మకు తెలిసొచ్చింది. "లెయ్యప్పా, మళ్ళీ నడువు."

పది దినాల్లో కుప్పానికీ మదనపల్లెకూ పద్నాలుగు సార్లు తిరిగారు. పాపన్న పాదాలు పగిలి నెత్తురు కారింది. రాయి తరిగేకొద్దీ లోపలి ఏడుపులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

పదో పొద్దు రెడ్డెప్ప కుప్పానికి వచ్చేసరికి రాయి నిమ్మకాయంత. బొటనవేలు మోపాడు, జారి పడ్డాడు.

"ఇంకో కాలు గాల్లో పెట్టి పిలువన్నా!" అంది మణెమ్మ.

పడినచోటు నుంచే పిలవబోయాడు. నోట్లోంచి పేరు రాలేదు, రాతిపిండి రాలింది. దయామణి వాడిని దాటుకొని బడికి పోయింది.

మొత్తం అరిగిందా అంటావా? చింతగింజంత మిగిలింది. నేను ముసలిదాన్నయినాక దయామణే నాకిచ్చింది. ఆ మిగిలిందీ నడిచి అరగదీద్దామంటే నా మోకాళ్ళు పనిచేయవు. లెయ్యి నాయనా, సదుం దాకా నడిచి రాపో. వెనక సద్దైతే తిరిగి చూడకు. వచ్చేటప్పుడు ఆకువక్క తే.