పంపు దగ్గరి మనిషి

వైకుంఠం బండి వెనక నిచ్చెనెక్కి, ట్యాంకు మూత తీసి, మోచేతి దాకా చెయ్యి ముంచాడు. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. బండిలో నీటిమట్టం చూపే గేజీ ఉంది, కొత్తదే, బాగానే పనిచేస్తుంది. అయినా ఇరవై ఆరేళ్లుగా రోజూ పొద్దున ఇదే వరస. చెయ్యి తడిస్తేనే అతనికి నమ్మకం.

"అన్నా, జర కిందికి రా. నీకొకటి చూపిస్త," అని ఫైర్‌మన్ మనీష్ కింది నుంచి కేకేశాడు.

వైకుంఠం దిగాడు. పొట్టి మనిషి, కొంచెం పొట్ట, రంగేసిన మీసం. ఏళ్ల తరబడి పంపు రొద వినీ వినీ కుడి చెవి మందగించింది. పాతబస్తీలోని ఈ ఫైర్ స్టేషన్‌లో అతను డ్రైవర్, పంపు ఆపరేటర్ కూడా. మంటల్లోకి వెళ్లేవాళ్లు వేరు, వాళ్ల ఫొటోలు పేపర్లో వస్తాయి. బండి దగ్గర నిలబడి పంపు చూసుకునేవాణ్ని ఎవరు ఫొటో తీస్తారు? ఆ దిగులు అతనికి ఎన్నడూ లేదు కూడా.

మనీష్ ఫోన్‌లో ఎక్కడో అడవి తగలబడుతోంది. హెలికాప్టర్ ఒకటి పెద్ద బకెట్‌ను వేలాడదీసుకుని వచ్చి నీళ్లు కుమ్మరించింది.

"ఎన్ని లీటర్లు పడ్తయిరా దాంట్ల?"

"రెండు వేల దాక అని రాసిండ్రన్నా."

"మన బండిల నాలుగున్నర వేలు," అని మీసం దువ్వుకున్నాడు వైకుంఠం. "మరి రెక్కల గాలికి మంట ఇంకింత ఎగబడదా?"

"అందుకే పొడుగు తాడు కట్టి మీదికెళ్లే ఒంపుతరంట."

"మంచిగున్నది. ఆడ సందుల ఆటో అడ్డం పెట్టెటోడు గూడ ఉండడు."

డ్రైవర్ సీటు మీద భార్య కమల కుట్టిచ్చిన బొంత పరిచాడు. సీట్లోని స్ప్రింగులు గుచ్చుకుంటున్నాయని ఆమె పాత చీరలు నాలుగు మడతలేసి కుట్టింది. రోజూ లాల్‌దర్వాజా నుంచి స్కూటర్ మీద టిఫిన్ డబ్బాతో పాటు అదీ వస్తుంది, సాయంత్రం మళ్లీ ఇంటికి పోతుంది. ఆ రోజు రెండో డ్రైవర్ చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టాడు. రెండు డ్యూటీలూ వైకుంఠానివే.

పొద్దున పదింటికి దగ్గరి బడిలో పిల్లలకు మంటల జాగ్రత్తల డెమో. నడిపించేది లీడింగ్ ఫైర్‌మన్ నందు. చివర్లో వైకుంఠం చెప్పే నాలుగు మాటలు మటుకు ఏటా మారవు.

"పొగ మింగినోడు మంచిగనే మాట్లాడ్తడు. అది చూసి ఇంటికి తోల్కపోవద్దు. ముక్కుల మసి ఉన్నదంటే సీదా దవాఖాన్లకే. పేరు చెప్పుమని మాటిమాటికి అడుగుండ్రి. గొంతు బొంగురువోయిందా, లోపల వాచినట్టే. ఇగ టైం ఉండదు."

పిల్లలు ఆవలించారు. అతనికి అదీ అలవాటే.

ఒంటిగంటన్నరకు కాల్ వచ్చింది. కంచన్‌బాగ్ వైపు ఖాళీ జాగాలో ఎండుగడ్డి అంటుకుంది. దారిలో వైకుంఠం దర్గా మీద ఆకుపచ్చ జెండా, గుడి మీద కాషాయ జెండా ఎటు ఊగుతున్నాయో చూసుకున్నాడు. గాలి పడమటిది. బండిని గాలి వీపుకు తగిలేలా, ముందు చక్రాలు రోడ్డు వైపు తిప్పి ఆపాడు.

"కాలిన నేల మీదనే నిలవడుండ్రి. గడ్డిల దిగకుండ్రి. గాలి మల్లితే ఉరుకనీకె జాగ ఉండాలె," అన్నాడు.

నందు, మనీష్ పైపు పట్టుకుని మంట పక్కగా చాలా దూరం వెళ్లారు. ఇతను పంపు దగ్గర నిలబడ్డాడు. ఆ పనికి ఉన్న నియమం ఒక్కటే, పంపు విడిచి పోకూడదు. నీళ్లు తగ్గుతుంటే మూడుసార్లు విజిల్ వెయ్యాలి. లేకపోతే అవతల మంట ముందు నిలబడ్డవాళ్ల చేతుల్లో పైపు ఉత్త గొట్టమే. ఇన్నేళ్లలో అతను ఒక్కసారీ పక్కకు జరగలేదు.

మూడు కావస్తుండగా గాలి మళ్లింది. మంట గడ్డి మీద పరుగెత్తుకుంటూ వచ్చి బర్రెల కొట్టాన్ని పట్టుకుంది. పైకప్పు ప్లాస్టిక్ పట్టాలు మండి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

"అయ్యో, లీలమ్మ లోపల్నే ఉన్నది! బర్రెలను ఇడ్వనీకె పోయింది!" అని ఒకావిడ గుండెలు బాదుకుంది.

వైకుంఠం విజిల్ వేశాడు. మళ్లీ వేశాడు. పొగ అవతల నందు, మనీష్ కనిపించలేదు. పంపు వైపు చూశాడు, కొట్టం వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తడిపి మూతికి కట్టుకుని పరుగెత్తాడు.

లోపల మోకాళ్ల మీద పాకాడు. నేలకు జానెడు ఎత్తులోనే కాస్త గాలి ఉంది. లీలమ్మ రెండు బర్రెలను వదిలేసింది, మూడోదాని పలుపు పట్టుకుని కూలబడింది. ఎంత గుంజినా వేళ్లు వదలదు. పొగలో నోరు తెరవొద్దని ఊరందరికీ చెప్పే మనిషి తువ్వాలు కిందికి లాగి అరిచాడు. "ఇడ్సిపెట్టమ్మా! నీ కాళ్లు మొక్కుత, ఇడ్సిపెట్టు!" ఆ ఒక్క అరుపుతో వేడి పొగ గొంతులోకి దిగింది.

ఆమెను ఈడ్చుకొచ్చేసరికి పంపు ఎండిపోయి కీచుమంటోంది. ట్యాంకు ఖాళీ. ఇంకో స్టేషన్ బండి వచ్చేలోపు కొట్టం కూలింది, మూడో బర్రె కాలిపోయింది.

నందు మసి మొహంతో వచ్చాడు. "పంపు ఇడ్సిపెట్టి ఎటు పోయినవన్నా? చేతుల నీళ్లు బందైనయి. మనీష్‌గాడు కొద్దిల బతికిండు!"

వైకుంఠం వెళ్లి పంపు ఆపాడు. లీలమ్మ సంగతి తెలిశాక నందు వచ్చి అతని భుజం తట్టాడు. కానీ అన్న మాట అనేశాడు కదా!

అంబులెన్స్‌లో వచ్చిన నర్సు తనూజ లీలమ్మకు ఆక్సిజన్ పెట్టి వైకుంఠం దగ్గరకొచ్చింది. టార్చితో ముక్కులో చూసింది.

"నిండా మసి ఉన్నదన్నా. మీరు గూడ ఎక్కండి."

"బండి ఎవరు తోల్తరు బిడ్డా? ట్యాంకు ఖాళీగున్నది. ఇంకో కాల్ వస్తే?"

"మీ పేరు చెప్పండి."

"వైకుంఠం. ఫికర్ లేదు, గొంతు మంచిగనే ఉన్నది."

"ఇప్పుడు మంచిగనే ఉంటదన్నా."

బడి పిల్లలకు ఏటా తను చెప్పే మాటే అది, అతనికి తెలియదా? అయినా నవ్వి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కాల్ నుంచి రాగానే ట్యాంకు నింపాకే టీ అయినా, ఇల్లయినా. అది అతను స్టేషన్‌కు నేర్పిన అలవాటు. పైగా ఇవాళ బండిని ఖాళీ చేసింది తనేనని లోపల ఒకటే కోత.

స్టేషన్‌లో బోరు సన్నగా పోస్తోంది. నిండడానికి నలభై నిమిషాలు. సగం నిండేసరికి గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టయింది. కమల ఫోన్ చేసింది.

"తిన్నవా?"

"ఆ."

"గొంతేంది గట్లున్నది?"

అతను తన గొంతు తనే విన్నాడు, ఇంకెవరిదోలా ఉంది. భయమేసింది. ఆమెకు చెప్పాలనిపించింది. "వస్తున్న," అని ఫోన్ పెట్టేశాడు.

ఇంకో పది నిమిషాలే కదా అనుకున్నాడు. మనీష్ టీ తెచ్చేసరికి నిచ్చెన మీద ఉన్నాడు, చెయ్యి ట్యాంకులో ఉంది. దిగి పైపు కట్టేశాడు, మూత బిగించాడు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు.

"అన్నా, పేరు చెప్పు," అన్నాడు మనీష్. గ్లాసు చేతిలోనే ఉంది. "అన్నా! నీ పేరు చెప్పన్నా!"

వైకుంఠం పెదాలు కదిలాయి. మాట రాలేదు.

సైరన్ వేసుకుని దవాఖానకు పోదామంటే, బండి తోలేవాడు ఆ పూట స్టేషన్‌లో అతనొక్కడే. అంబులెన్స్ వచ్చేదాకా ఆగలేక నందు రోడ్డు మీద ఆటో ఆపాడు. సాయంత్రం రద్దీలో ఆటో ఒక్కో గజం జరుగుతుంటే మనీష్ ఒళ్లో తల పెట్టుకుని వైకుంఠం పోయాడు. చివరిదాకా అతని పిడికిట్లో మనీష్ చొక్కా ఉంది, అంతే.

మర్నాడు పొద్దున సెలవు మధ్యలో వచ్చిన రెండో డ్రైవర్ నిచ్చెనెక్కి, ఏమనుకున్నాడో ఏమో, ట్యాంకులో చెయ్యి ముంచాడు. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. దిగి డ్రైవర్ వైపు తలుపు తీశాడు గానీ ఎక్కలేదు. సీటు మీద నాలుగు మడతల చీరల బొంత, తడి ఆరి, మసి అంటి, మధ్యలో గుంటపడి ఉంది.