యెజ్డీకి ఏం రంగు?

వీరపునాయునిపల్లెలో ఓబుళరెడ్డి, వాళ్ల నాయన నడిపిన పాత యెజ్డీ మోటారుసైకిల్ని వసారాలో నిలబెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది పాత రంగు తీస్తున్నాడు. పసుపు ఊడితే నీలం బయటపడింది, నీలం ఊడితే ఆకుపచ్చ. నాయన పార్టీ మారినప్పుడల్లా ముందు బండికి రంగు కొట్టించి, ఆ తర్వాతే కండువా మార్చేవాడు. ఊరు కూడా ఆయన మాటను కాదు, బండినే నమ్మేది.

అందుకే సర్పంచి ఎన్నికలు నెల ఉండగా కొడుకు ఈ రుద్దుడు మొదలుపెట్టేసరికి అరుగు మీద జనం చేరారు.

"ఏం రంగు కొడతాండావప్పా?"

"కంపెనీ నుంచి వచ్చిన రంగే. నలుపు!"

"మాకు గూడా చెప్పవా మామా?" అని, అసలు రంగు దాస్తున్నాడనుకుని జనం నిష్ఠూరపడి లేచిపోయారు.

ఓబుళరెడ్డికి ఒళ్లు మండింది. ఇనుము తేలేదాకా రుద్ది, తుప్పు పట్టకుండా ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూసి, అది ఆరేలోగా అన్నం తిందామని లోపలికి పోయాడు.

తిరిగొచ్చేసరికి, ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క ఎర్రజెండా మనిషి, ముసలి దస్తగిరి, ఎర్రటి ట్యాంకు మీద బంతిపూల దండ వేస్తున్నాడు. పూలరెక్కలు తడి ప్రైమరుకు అతుక్కుపోయాయి.

"శానా సంతోషం కామ్రేడ్! నలభై ఏండ్లుగా ఈ ఊర్లో ఒక్కణ్ణే ఉండా. ఈ పొద్దుతో ఇద్దరమైతిమి."

ఓబుళరెడ్డి ప్రొద్దుటూరులో కొనుక్కొచ్చిన నల్లరంగు డబ్బా ఎత్తి చూపించాడు.

దస్తగిరి కళ్లు మెరిశాయి.

"అప్పుడే నల్లజెండాల నిరసనా? చెప్పప్పా, ఎవరి మింద?"