గుట్ట మీద నల్ల ఫిల్టర్లు

అభయారణ్యంలో గాలిని కొలిచే స్టేషను గుట్ట మీద ఉంది. ఒక రేకుల గది, కప్పు మీద గాలి పీల్చే గొట్టం, ఎదుటి కొండలవైపు తిప్పి బిగించిన కెమెరా. గొట్టంలోకి వచ్చిన గాలి గదిలోని ఫిల్టరు గుండా పోతుంది. గాలిలోని మసీ దుమ్మూ దాని మీద పేరుకుంటాయి. వారానికోసారి ఆపరేటరు గుట్ట ఎక్కి, పాత ఫిల్టరు తీసి కొత్తది పెట్టి, పాతదాన్ని ల్యాబుకు పంపుతుంది.

చలికాలం మొదలయ్యాక ఫిల్టర్లు నల్లగా వస్తున్నాయి. కెమెరా ఫొటోల్లో మాత్రం దూరపు కొండ మీది చెట్లు విడివిడిగా కనబడుతున్నాయి.

ల్యాబు మేడం ఫోను చేసింది.

"కొండ అంత తేటగా కనిపిస్తుంటే ఫిల్టరు పెనం అడుగులా ఉందేంటమ్మా? చేత్తో ముట్టుకుంటున్నావా?"

"లేదు మేడం, పట్టకారుతోనే తీస్తున్నా."

"మరి మెషీనుకు నీ మీద పగా? ఈసారి కూడా ఇలాగే వస్తే వేరే మనిషిని పెట్టమంటున్నారు పైవాళ్ళు. ఇక నా చేతుల్లో లేదు."

ఆపరేటరుది కాంట్రాక్టు ఉద్యోగం. ఇంటికి ఆ జీతమే ఆధారం.

ఆ వారం దారిలో జీపు దొరికి, ఆమె ఎప్పటికన్నా ముందే చేరుకుంది. మలుపులోంచే పొగ కనబడింది. గది వెనక, అక్కడ కాపలా ఉండే వాచ్‌మన్ మూడు రాళ్ళ మీద గిన్నె పెట్టి పుల్లలు ఎగదోస్తున్నాడు. పొగ గోడ పట్టుకుని పైకి పాకి, గొట్టం మూతిలోకి పోతోంది.

"బాబాయ్, ఏంటిది?"

"ఇంత పెందలాడే ఊడిపడ్డావేంటమ్మా? నీళ్ళింకా కాగలేదు."

ఆమెకు అర్థమైంది. చలి మొదలైన వారం వేళ్ళు కొయ్యబారి, పట్టకారు జారి, ఫిల్టరు నేల మీద పడింది. అతని ఎదుటే ఆమె ఏడ్చింది. ఆ మరుసటి వారం నుంచి ఆమె వచ్చేసరికి గుమ్మంలో మగ్గుతో వేడినీళ్ళు ఉంటున్నాయి. అడవిలో నిప్పు రాజేయకూడదు కాబట్టి, ఆమె వచ్చేలోగా అతను బూడిద ఊడ్చేసేవాడు. నీళ్ళు ఎలా కాగాయని ఆమె ఏనాడూ అడగలేదు.

ఆమె గొట్టం వైపు చూపించింది. అతను పొగను చూశాడు, గొట్టాన్ని చూశాడు.

"అంటే అది తాగేది నా పొగనా?"

"వారమంతా మంచి గాలి తాగి, చివర్లో నీ పొయ్యి తాగుతోంది."

అతను గిన్నె ఎత్తి నిప్పుల మీద కుమ్మరించాడు. "నీ ఉద్యోగానికి ఎసరు పెట్టానా తల్లీ?"

"నిజం చెబితే నీ ఉద్యోగం పోతుంది బాబాయ్."

"చెప్పకపోతే నీది పోతుంది. చెయ్యి ఫోను."

ఆమె చేసింది. "మేడం, ఇక్కడ పక్కనే పొగ వస్తోంది. అందుకే ఫిల్టర్లు..."

"ఎవరిది ఆ పొగ?"

వాచ్‌మన్ ఫోను లాక్కున్నాడు. "నాదేనమ్మా. ఈ పిల్ల వేళ్ళు బిగుసుకుపోతున్నాయని నీళ్ళు కాస్తున్నా. పిల్లకేం తెలీదు."



"అడవికి కాపలా ఉన్నవాడివి, నువ్వే నిప్పు పెడితే ఎలాగయ్యా?"

"తప్పేనమ్మా."

"ఆ ఫిల్టర్లేవీ పనికిరావని రాయాలి. పక్కన పొయ్యి పొగ అని కారణమూ రాయాలి. పొయ్యి ఎవరిదని రాయడానికి కాగితంలో గడి లేదు. ఇంకోసారి పొగ వచ్చిందో, ఆ గడి నేనే గీస్తా."

మరుసటి వారం అతను ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. గుట్ట కింద ఇంట్లో భార్య కాచిచ్చిన నీళ్ళు. ఫ్లాస్కు మూత సరిగా పట్టడం లేదు. మగ్గులో పోశాడు. ఆమె వేళ్ళు ముంచింది. నీళ్ళు చల్లారిపోయాయి.

"వేడిగా ఉన్నాయా?"

"కాలుతున్నాయి బాబాయ్."

చేతులు తుడుచుకుని, చంకల్లో పెట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత పట్టకారు తీసుకుని ఫిల్టరు బయటికి తీసింది. అతను గుమ్మంలోంచే మెడ సాచాడు.

"తెల్లగా ఉందా?"

"కొంచెం బూడిద రంగు. ఇది నీది కాదులే."

"మరెవరిది?"

"అది కనుక్కోడానికే కదా నేనీ గుట్ట ఎక్కేది" అంటూ ఆమె కొత్త ఫిల్టరు పెట్టింది.