హంతకుడి పేరు ముందే చెప్పే మరిది

మా మరిది వాలుసింబి అబద్ధం ఆడడు. సంసారానికి అది మంచి గుణమే. థ్రిల్లర్ సినిమాకి మాత్రం అంతకన్నా పెద్ద జబ్బు లేదు.

మా ఎన్‌దీబా పేటలో కలప మిల్లుల వెనక మా వీడియో హాలు ఉంది. రేకుల కప్పు, చెక్క బల్లలు, ఒక పెద్ద టీవీ, రెండు సౌండు పెట్టెలు. హాలు మా ఆయన కిగోజిది, గొంతు మా మరిదిది. తెర మీదవాళ్ళు ఇంగ్లీషో చైనా భాషో మాట్లాడుతుంటే, మైకు పట్టుకుని పక్కన కూర్చుని అదంతా మా లుగాండా భాషలో చెప్పేవాణ్ణి ఇక్కడ వీజే అంటారు. ఊరికే చెప్పేస్తే వీజే కాదు. పాత్రలకు మన పేర్లు పెట్టాలి, హీరోది ఏ పేటో చెప్పాలి, విలన్‌ని వాడి మేనమామలతో సహా తిట్టాలి. మా మరిది చేతిలో పడితే హాంకాంగ్ వీరుడు కూడా మసాకా నుంచి బస్సు దిగిన మేనల్లుడైపోతాడు.

నేను కోడలిగా వచ్చేనాటికి క్యాసెట్ల కాలం. అప్పట్లో భయమంటే పిడికిలి. గురువును చంపినవాణ్ణి శిష్యుడు కొండెక్కి మరీ కొట్టేవాడు. క్యాసెట్లు పోయి డిస్కులు వచ్చాయి, పిడికిలి పోయి తుపాకి వచ్చింది. తుపాకి వెనకాలే గడియారం కట్టిన బాంబు వచ్చింది. ఎర్ర తీగ తెంపాలా, నీలం తీగ తెంపాలా అని హాలు హాలంతా రెండు పార్టీలైపోయేది. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ కొట్టని సినిమాలు మొదలయ్యాయి. ఒక ఇల్లు, ఒక శవం, చుట్టూ కూర్చుని టీ తాగే నలుగురు మనుషులు. మేకరెరె యూనివర్సిటీలో సాహిత్యం చదివినదాన్ని గనుక నేను దీన్ని పరిణామం అన్నాను. మా అత్తగారు, ‘వాళ్ళ దగ్గర డబ్బులైపోయుంటాయి’ అంది.

పిడికిలికీ తుపాకికీ మా మరిది పద్ధతి బాగానే పనికొచ్చింది. “ఇదిగో, ఈ ఎర్రచొక్కా కుర్రాడు కాసేపట్లో పోతాడు. వీడి మీద ప్రేమ పెంచుకోకండి” అని ముందే చెప్పేవాడు. ఎర్రచొక్కా పోగానే జనం చప్పట్లు కొట్టేవారు. టీ తాగే సినిమాలకూ అదే పద్ధతి పెట్టాడు. హంతకుడు తెర మీద కాలు పెట్టగానే, “అయ్యలారా, అమ్మలారా, చంపినవాడు వచ్చేశాడు, బాగా చూసుకోండి” అనేవాడు. జనం బాగా చూసుకుని, లేచి ఇళ్ళకు పోయేవారు.

“అది చెప్పకూడదయ్యా” అని ఎన్నిసార్లు అన్నానో.

“ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర కుండలో ఏముందో దాచుకుంటామా వదినా?” అనేవాడు.

మా బగాండావాళ్ళ మర్యాద అది. మనిషి వచ్చాడంటే ఉన్నదంతా ముందు పెట్టాలి. లోపల ఇంకేదో ఉంచుకుని మూత పెట్టిన ఇంటి సంగతి పేటంతా చెప్పుకుంటుంది. మా మరిదికి ఆకులో ఉడికించిన మటోకే అరటికాయ ముద్ద అయినా హంతకుడైనా ఒకటే. అరిటాకు విప్పి వేడివేడిగా వడ్డించెయ్యాలి.

ఇలా వడ్డించి వడ్డించి హాలు ఖాళీ చేశాడు. ఒకరోజు పాస్టర్ సెంపిజ్జా కొలత టేపు తీసుకుని వచ్చాడు. ఆయన ప్రార్థనలు అప్పటికి ఒక టైర్ల షాపు వరండాలో జరుగుతున్నాయి. గోడ నుంచి గోడకి కొలిచి, టీవీ ఉన్నచోట నిలబడి, “ఇక్కడ వేదిక వస్తుంది” అన్నాడు. అదే చోట సాతాను కూర్చుని ఉన్నట్టు మా మరిది వంక చూశాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన పల్లీల పులుసు కలుపుకుంటూ తీర్పు చెప్పాడు. “శనివారం ఆట చూస్తా. ఆఖరిదాకా బల్లలు నిండి ఉంటే హాలు మనది. మధ్యలో లేచి పోయారా, తాళంచెవి పాస్టర్‌గారిది.”

మా మరిది చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాడికి మైకు తప్ప మరో పని తెలియదు. ఒకప్పుడు మార్కెట్లో నడుస్తుంటే బాడుగ మోటారుసైకిళ్ళు తోలే బోడా బండ్లవాళ్ళు హారన్లు కొట్టి పలకరించే మనిషి. ఇప్పుడు కలప మిల్లులో రంపపుపొట్టు ఊడవడానికి పోవాలి.

“ఏం సినిమా వేస్తావు?” అన్నాను.

“ఉంది వదినా ఒకటి. చలిదేశం. ముసలి షావుకారు చచ్చిపోతాడు. ఎవరు చంపారో చూస్తున్నా, కరెంటు పోయింది. నువ్వు తర్వాత చూశావుగా, ఆఖరి ముక్క చెప్పు.”

వాడికి ఇంగ్లీషు అందనిచోట నేనే అందించేదాన్ని. పల్లీలు ఒలుస్తూ చెప్పాను. “డాక్టరు.”

“అబ్బ, నేననుకున్నా.”

“ఈసారి చెప్పనని మాటివ్వు.”

“ఇచ్చా.”

“మీ అన్న మొహం చూసి చెప్పు.”

అన్న మొహం చూశాడు. అన్న పులుసు వంక చూశాడు.

శనివారం హాలు నిండింది. ఇదే ఆఖరి ఆటట అని పేటలో పొక్కింది మరి. చావుకబురుకి మా ఎన్‌దీబా ఎప్పుడూ బాగా వస్తుంది. వడ్రంగులు, బోడా బండ్లవాళ్ళు, మార్కెట్ ఆడవాళ్ళు అంతా వచ్చారు. వెనక బల్ల మీద పాస్టర్‌గారు టేపు ఒళ్ళో పెట్టుకుని, సినిమా వంక చూడకుండా చూస్తున్నాడు. గుమ్మం దగ్గర మా అత్తగారు వేయించిన పల్లీలు అమ్ముతోంది. నేను మరిది పక్కన కూర్చున్నాను, ఇంగ్లీషు మాటలు అందించడానికి.

సినిమా బాగానే మొదలైంది. షావుకారు చచ్చాడు. మా మరిది విధవరాలికి నంతుమే అని పేరు పెట్టాడు, చెడిపోయిన మేనల్లుణ్ణి జూదం పిచ్చివాడన్నాడు. జనం నవ్వారు. ఇంతలో గొడుగు దులుపుకుంటూ డాక్టరు లోపలికి వచ్చాడు.

మా మరిది నుదుటికి చెమట పట్టింది. డాక్టరు కోటు విప్పాడు. మా మరిది గుటక వేశాడు. డాక్టరు కూర్చున్నాడు. నేను మోచేత్తో పొడిచాను. పొడవకుండా ఉంటే ఆగేవాడేమో తెలియదు.

“అయ్యలారా, నా వల్ల కావడం లేదు. చంపింది ఈ డాక్టరే.”

బల్లలు కిర్రుమన్నాయి. వడ్రంగి లుతాయా అందరికన్నా ముందు లేచాడు. “దొరికాడుగా. ఇక నాకు చెయ్యాల్సిన తలుపొకటి ఉంది.” వాడి వెనక వరసంతా కదిలింది. పాస్టర్‌గారు టేపు చేతిలోకి తీసుకున్నాడు. మా ఆయన గోడకి ఆనుకుని, జేబులో తాళంచెవి తడుముకున్నాడు.

అవసరానికి పెట్టుకున్న రెండో మైకు నా పక్కనే ఉంది. ఆడది మైకు పట్టుకోవడం మా హాల్లో ఎవరూ చూడలేదు. అందుకని ముందు చెయ్యాల్సింది చేశాను. మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దలందరికీ వరసగా, తొందరపడకుండా నమస్కారాలు చెప్పాను. ఇల్లాలు మోకాళ్ళ మీదుండి పలకరిస్తుంటే బదులు చెప్పకుండా పోయే మగాడు బుగాండాలో ఇంకా పుట్టలేదు. తిరిగి బదులు చెప్పాలంటే ఆగి నిలబడాలి. నిలబడ్డారు.

“పెద్దలూ, మా మరిది సత్యవంతుడు” అన్నాను. “కానీ ఈ సినిమా ఆఖరు ఆయన చూడలేదు. డాక్టరని నేను చెప్పాను. నేను నిజం చెప్పానని ఎవరన్నారు?”

మా మరిది మైకు దింపేశాడు.

“ఈవిడ అబద్ధాలాడుతుందా?” అన్నాడు లుతాయా.

గుమ్మం దగ్గర్నుంచి మా అత్తగారు పలికింది. “మొన్న గంపెడు పల్లీలు ఎలకలు తిన్నాయంది. మా ఇంట్లో ఎలకలు లేవు.”

లుతాయా కూర్చున్నాడు. అత్తగారి సాక్ష్యం అంత గట్టిది.

“వదినా, నాకు అబద్ధం చెప్పావా?” మా మరిది మైకులోనే అడిగాడు, పాపం.

“నీకెందుకు చెబుతాను నాయనా? నువ్వు హాలుకి చెబుతావని హాలుకి చెప్పాను.”

“డాక్టరు కాకపోతే ఎవరు?”

“మన ఇళ్ళలో మొగుడు పోతే, కర్మకాండ పూర్తయ్యేదాకా పెళ్ళాం జుట్టుకి దువ్వెన తగలనిస్తుందా? తెర మీద నంతుమేని చూడండి. ఎలా దువ్వుకుందో.”

ఆడవాళ్ళ బల్ల నుంచి ‘ఊఁ’ అని పెద్ద మూలుగు వచ్చింది.

“అది చలిదేశం వదినా, అక్కడ దువ్వుకుంటారు.”

“చలిదేశంలో దుఃఖం ఉండదా?”

“డాక్టరు సంచి చూడు. ఎప్పుడూ వదలడు.”

“వదిలేస్తే అనుమానించాలి. సంచి లేని డాక్టరుని ఎక్కడైనా చూశావా?”

ఇక ఆగలేదు. మా దేశంలో వదినా మరుదులు ఎంత ఎగతాళి చేసుకున్నా తప్పు లేదు. వాళ్ళు పోట్లాడుకుంటుంటే లేచిపోవడం మాత్రం తప్పు. విధవరాలు ఏడ్చినప్పుడల్లా నేను కన్నీళ్ళు ఎక్కడ అన్నాను. డాక్టరు నవ్వినప్పుడల్లా వాడు పళ్ళు చూడండి అన్నాడు. ఎడమవైపు బల్లలు మరిదివైపు పోయాయి, కుడివైపు నావైపు వచ్చాయి. మేనల్లుడు వీధి దీపం కింద నిలబడితే ఒక బోడా కుర్రవాడు, “మీ ఇద్దరూ గుడ్డివాళ్ళు, వాడే” అని లేచి అరిచాడు. వాణ్ణి కూర్చోబెట్టడానికి ముగ్గురు కావలసి వచ్చింది. బయట వెళ్ళేవాళ్ళు ఏం గొడవని తొంగి చూసి లోపలికి వచ్చేశారు. బల్లలు చాలక గోడల వెంట నిలబడ్డారు.

సినిమా ఆఖరుకొచ్చేసరికి చీకటి మెట్ల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు వచ్చింది. నేను మాట్లాడలేదు. మా మరిది కూడా మాట్లాడలేదు. వాడు వీజే అయిన తర్వాత హాల్లో అడుగుల చప్పుడు వినబడటం అదే మొదటిసారి. వాడి వంక చూశాను. మైకు ఒళ్ళో పడుంది, రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకున్నాయి. జీవితంలో మొదటిసారి వాడికి ఆఖరు తెలియదు.

“వదినా” అన్నాడు నెమ్మదిగా, “నిజంగా నంతుమేనా?”

“చూడు.”

మెట్ల మీద దీపం వెలిగింది. చేతిలో పళ్ళెంతో, తెల్ల ఏప్రన్‌తో వంటమనిషి నిలబడి ఉంది. మొదటి నుంచీ ప్రతి గదిలోనూ అందరికీ టీ పోసింది ఆవిడే, షావుకారుని చంపిందీ ఆవిడే. మేమిద్దరం ఆవిడకి పేరు కూడా పెట్టలేదు.

మరుక్షణం రేకుల కప్పు ఎగిరిపోతుందనిపించింది. జనం బల్లల మీదెక్కారు. లుతాయా పక్కవాడి టోపీ తీసి పైకి విసిరాడు. “టీ పోసేదాన్ని ఎవడు చూస్తాడురా” అని ఎవరో ఏడుస్తున్నట్టు నవ్వుతున్నారు. మా మరిది రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు, తను గెలిచినట్టు. వాడు ఓడిపోయాడని వాడికి గుర్తు చెయ్యడం ఎవరికీ తోచలేదు. నేనూ ఓడిపోయినదాన్నే, కాకపోతే ఆఖరు తెలిసే ఓడిపోయాను.

జనం తగ్గాక పాస్టర్ సెంపిజ్జా ముందుకి వచ్చాడు. టేపు ఎక్కడో జారిపోయింది, వెతకలేదు.

“ఆ విధవరాలు చంపకపోయినా పశ్చాత్తాపపడవలసిన మనిషే” అన్నాడు నాతో. తర్వాత మా ఆయన వైపు తిరిగి, “వచ్చే శనివారం ఏం వేస్తున్నారు?” అన్నాడు.

“మీకు తాళంచెవి వద్దా?” అన్నాడు మా ఆయన.

“టైర్ల షాపు గాలి ఆరోగ్యానికి మంచిది. ముందు బల్ల ఒకటి ఉంచండి చాలు. నాకు ఎవరూ ఏమీ చెప్పకూడదు.”

మా మరిది మైకు తీగ చుడుతూ నా దగ్గరికి వచ్చాడు. చుట్టిన తీగ విప్పి మళ్ళీ చుట్టాడు. చివరికి, “వచ్చేవారం డిస్కు నేను ముందుగా చూడను వదినా. నువ్వూ నాకు చెప్పొద్దు. చెప్పినా నమ్మను” అన్నాడు.

“మంచిది.”

“పోట్లాడేటప్పుడు మాత్రం కొంచెం గట్టిగా తిట్టు. వెనక బల్లలకి వినబడాలి.”

మా అత్తగారు ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. పల్లీలన్నీ అయిపోయాయి. బయట రోడ్డంతా డాక్టరు, నంతుమే, టీ అని కేకలు. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“ఇన్నేళ్ళూ వంటింట్లో నాతో టిక్కెట్టు లేకుండా ఊరికే వాదించావు కదే” అంది.