టవల్ చిరిగిన మూల

చిన్నపుల్లయ్య చెప్పిన అబద్ధం ఒక్క మాట. "లేదమ్మా" అన్నాడు, అంతే. ఆ మాట అనడానికి కూడా ఆయన తొందరపడలేదు. ఏ మాటకూ తొందరపడే మనిషి కాదు. రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో, సాయంత్రాలు మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే దివానియాలో ఇరవై ఆరేళ్లుగా టీలు, గహ్వా అనే అరబ్బీ కాఫీలు అందిస్తున్నాడు. కుడి భుజం మీద ఎర్రగీతల టవల్ లేకుండా ఆయనను చూసినవాళ్లు లేరు. ట్రే పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, టవల్ సర్దుకుంటాడు, మళ్లీ నాలుగడుగులు. వచ్చిన పెద్దమనుషులు నవ్వుకుంటారు. తొందరగా రమ్మని యల్లా, యల్లా అంటారు. ఆయనా నవ్వుతాడు.

ఆ ఒక్క మాట చెప్పింది ఫహాహీల్ బజారు వెనక, మందుల షాపు పై అంతస్తులో ఉన్న చిన్న గదిలో. నేల మీద నీలం పరుపు, గోడకు నిలువెత్తు అద్దం. గది మెహరాజ్‌ది. కర్నూలు పిల్ల, పిల్లలకు ఒంటి కసరత్తులు చేయించే చదువు చదువుకుంది. ఆ శుక్రవారం ఆమె ముందు చిన్నపుల్లయ్య కుటుంబమంతా వరసగా కూర్చుంది. కొడుకు మహేష్, కోడలు దేవిక, అదే కువైటీ ఇంట్లో వంట చేసే భార్య రెడ్డెమ్మ, మధ్యలో తొమ్మిదేళ్ల మనవరాలు చిట్టి.

చిట్టికి ఆరు నెలలుగా కుడి భుజం దానంతట అదే ఎగురుతోంది. ఎగిరినప్పుడల్లా గొంతులో చిన్న మూలుగు. పెద్దాసుపత్రి డాక్టరు చూసి, ఇది నరాలకు సంబంధించింది, పిల్ల కావాలని చేసేది కాదు, తిట్టకండి, చాలామందికి వయసుతో తగ్గుతుంది అన్నాడు. బళ్లో మాత్రం పక్క పిల్లలు దానికి కోడిపిల్ల అని పేరు పెట్టారు. దేవిక ఎవరినో అడిగి ఈ మెహరాజ్‌ని పట్టుకుంది.

"పసిబిడ్డలకు పుట్టుకతోనే కొన్ని కదలికలుంటాయి పెద్దాయనా" అని మెహరాజ్ అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. "ఉలిక్కిపడితే చేతులు చాపుతారు. వీపు తాకితే నడుం తిప్పుతారు. పెరిగేకొద్దీ అవి అణిగిపోవల్ల. కొందరికి పూర్తిగా అణగవని మా లెక్క. ఆ కదలికలనే మళ్లీ మెల్లగా, శాన మెల్లగా చేయించి ఒంటికి నెమ్మది అలవాటు చేస్తాం. దీంతో భుజం ఎగరడం ఆగిపోతాదని నేను మాటియ్యను. డాక్టరు దగ్గరికి పోయేది మానొద్దండి."

"ఆగేది లేకపాతే యాల చేసేది?" అంది రెడ్డెమ్మ.

"బిడ్డకు కొంచెం సులువైతే చాలు కదమ్మా."

తర్వాత మెహరాజ్ కాగితం తీసింది. "ఇంట్లో ఎవురికన్నా చిన్నప్పుడు ఇట్లా భుజం ఎగరేసేది, కండ్లు ఆర్పేది, మెడ తిప్పేది ఉండేదా? ఒక్కోసారి వంశంలో వస్తాది. అందుకే అడుగుతాండా."

దేవిక తమ వైపు ఎవరికీ లేదంది. మహేష్ తనకు లేదని, తండ్రి వైపు చూశాడు.

చిన్నపుల్లయ్యకు ఆ క్షణాన భుజంలో పాత జిల మొదలైంది. చెయ్యి టవల్ మీదికి పోయింది. మూల పట్టుకుని లాగి సర్దుకున్నాడు.

"లేదమ్మా" అన్నాడు.

మెహరాజ్ రాసుకుంది. రెడ్డెమ్మ ఒళ్లో చేతులు కట్టుకుని, "అయితే యాన్నుంచి వచ్చిండాదో తెలిసిపాయ కదా" అంది. దేవిక తల దించుకుంది.

దేవిక గోదావరి పిల్ల. అమలాపురం దగ్గర ఊరు. ఇక్కడే ఒక క్లినిక్కులో రక్తపరీక్షలు చేసే పనిలో ఉండగా మహేష్‌కు పరిచయమై పెళ్లి చేసుకున్నారు. ఆ ఇంటి మంచిచెడ్డలు విచారించకుండా జరిగిన పెళ్లి అని రెడ్డెమ్మకు పదేళ్లుగా గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆమె పట్టు ఒక్కటే. తల్లినీ బిడ్డనూ రాయచోటి దగ్గర తమ ఊరికి పంపేయాలి. అక్కడ పోలేరమ్మ గుడి దగ్గర తాయెత్తు కట్టించాలి. నయమయ్యేదాకా అక్కడే ఉండాలి.

"ఆరు నెలలు దాటితే ఇఖామా ఖలాస్, ఇక్కడుండే పర్మిషనే రద్దయిపోద్ది అత్తయ్యా. నా ఉద్యోగం కూడా పోద్ది" అని దేవిక చెప్పి చూసింది.

"బిడ్డ కన్నా ఉద్యోగమా పిల్లా? మీ వంశంలో ఉండేది మీరే చూసుకోవల్ల."

మహేష్ ఇద్దరి మధ్యా నలిగాడు. చివరికి, "ఐదు వారాలు ఈ కసరత్తు చేయిద్దాం. తగ్గకపోతే పంపుతా" అన్నాడు.

ఆ ఐదు వారాలూ చిన్నపుల్లయ్య నోట్లో ఆ మాట రాయి మాదిరి ఉండిపోయింది. చెప్పాలంటే అరవై ఏళ్ల వెనక్కి పోవాలి. మూడో తరగతిలో ఉండగా ఆయన భుజం కూడా ఇట్లాగే ఎగిరేది. పాఠం చెబుతుంటే భుజాలెగరేసి వెక్కిరిస్తున్నాడని అయ్యవారు బెత్తం తీసుకుని ఆ భుజం మీదే కొట్టేవాడు. కొట్టేకొద్దీ అది ఇంకా ఎగిరేది. బడి అంతటితో సరి. తర్వాత తండ్రి టవల్ ఒకటి భుజం మీద వేసుకున్నాక ఆయనకు దారి దొరికింది. జిల వచ్చిన క్షణంలో టవల్ మూల పట్టి లాగితే, భుజం ఎగిరినా జనానికి టవల్ సర్దుకున్నట్టే కనిపిస్తుంది. నిద్రలో ఎలాగూ రాదు. పక్కన పడుకునే రెడ్డెమ్మకు కూడా అది టవల్ పిచ్చి అనే తెలుసు. నడక, మాట, పని అన్నీ నిదానం చేసుకున్నాడు. దొరక్కుండా బతికాడు. ఇప్పుడు నోరు తెరిస్తే కొడుకు ముందు, కోడలి ముందు ఆ బెత్తం దెబ్బలు తిన్న పిల్లవాడు మళ్లీ నిలబడాలి. అది చాతకాలేదు.

చాతకాక, దానికి బదులుగా కసరత్తు తన మీద వేసుకున్నాడు. వారమంతా దేవిక చేయిస్తుంది. శుక్రవారాలు రుమైథియా నుంచి రెడ్డెమ్మతో కలిసి బస్సెక్కి మహబూలాలోని కొడుకు ఫ్లాటుకు వచ్చి తాత చేయిస్తాడు. చిట్టి వెల్లకిలా పడుకుని చేతులూ కాళ్లూ నక్షత్రంలా చాపుతుంది. తాత ఏడు లెక్కపెడతాడు. ఆ లెక్క పూర్తయ్యేలోగా మెల్లగా చేతులూ కాళ్లూ దగ్గరికి ముడుచుకుని ముద్దలా అవుతుంది. తర్వాత బోర్లా పడుకుంటే, వెన్నెముక పక్కన మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి రాస్తాడు.

"అమ్మ తొందరగా లెక్కపెడతాది తాతా. నువ్వైతే ఏడు చెప్పేలోపల నాకు నిద్ర వస్తాది."

"తొందరపడితే లాభం లేదంట కదమ్మా."

నాలుగో శుక్రవారం తలుపు తీసేసరికి చిట్టి భుజం మీద వంటింటి టవల్ ఉంది. మధ్యమధ్యలో మూల పట్టి లాగి సర్దుకుంటోంది. అచ్చం తాతే. మహేష్ పగలబడి నవ్వి ఫోన్‌లో ఫొటో తీశాడు. రెడ్డెమ్మ కూడా నవ్వింది.

"చూడు చూడు, దివానియాలోకి ఇంకొకరు దొరికినారు. టీ తెస్తావా పిల్లా?" అని, కాసేపు చూసి, "అరె, భుజం ఎగరలే. తగ్గిండాదే" అంది.

అందరూ నవ్వుతుంటే చిన్నపుల్లయ్య మాత్రం వంగి చెప్పులు విడవడంలో పడ్డాడు. అక్కడ నిజంగా ఏం జరుగుతోందో ఆ గదిలో తెలిసినవాళ్లు ఇద్దరే. ఆయన చిట్టి కళ్లలోకి చూడలేకపోయాడు. ఆ వారం కూడా నోరు మెదపలేదు.

ఐదో శుక్రవారం మధ్యాహ్నం బ్రష్ రాద్దామని చిట్టి చొక్కా మెడ దగ్గర కొంచెం వెనక్కి జరిపితే, కుడి భుజం మీద రెండు వేళ్ల వెడల్పున ఎర్రగా ఒరుసుకుపోయిన గీత కనిపించింది. తోలు లేచి ఉంది.

"ఇదేందమ్మా?"

చిట్టి పరుపులోకి ముఖం పెట్టి చెప్పింది. "బ్యాగు పట్టీ. గట్టిగా బిగిస్తే ఎగరదు తాతా."

"క్లాసులో కూడా బ్యాగు తగిలించుకునే కూర్చుంటావా?"

"ఊఁ. టవల్ ఒద్దంటారు కదా స్కూల్లో. నీకైతే బాగుంటాది, ఎవురూ ఏమనరు."

చిన్నపుల్లయ్య బ్రష్ పక్కన పెట్టాడు. ఆ పిల్లకు కసరత్తు నేర్పుతున్నానని అనుకున్నాడు. అది ఆయన దగ్గర నేర్చుకున్నది దాచుకోవడం. వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి ఆ గీత మీద అద్దాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే మెహరాజ్ దగ్గర చివరి రోజు. కారులో చిట్టి భుజం మళ్లీ ఎగరడం చూసి రెడ్డెమ్మ టికెట్ల సంగతి ఎత్తింది. మహేష్ కాదనలేదు. దేవిక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మెహరాజ్ చిట్టిని కాసేపు గమనించి, "ఇంకోటి నేర్పిస్తా. పిల్లి మాదిరి నాలుగు కాళ్ల మీద నిలబడి, తల ఒక పక్కకు తిప్పల్ల. మోచేతులు మడవకూడదు. పెద్దాయనా, మీరు ఎదురుగా చేసి చూపించండి. మీరు శాన నెమ్మదంట కదా, పాప చెప్పింది" అంది.

చిన్నపుల్లయ్య మోకాళ్ల మీద కూర్చుని చేతులు పరుపు మీద ఆనించాడు. టవల్ జారి నేల మీద పడింది. తీసి వేసుకున్నాడు. మళ్లీ జారింది.

"అది పక్కన పెట్టేయండి" అంది మెహరాజ్.

ఎదురుగా చిట్టి పిల్లిలా నిలబడి ఉంది. తాత టవల్ వైపే చూస్తోంది. పెద్దాయన ఏం చేస్తాడో ఆ పిల్లకు ముందే తెలిసినట్టు, టవల్‌ను తనే తీసి ఆయన చేతికి అందించబోయింది. చిన్నపుల్లయ్య తీసుకోలేదు.

"మీ జేజికి ఇయ్యి" అన్నాడు, రెడ్డెమ్మ వైపు చూసి.

రెండు చేతులూ పరుపుకు ఆనించి అట్లాగే ఉన్నాడు. జిల వచ్చింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. భుజం చెవిదాకా ఎగిరింది. ఒకసారి, ఆగి ఇంకోసారి, వెంటనే ఇంకోసారి. గోడ అద్దంలో తన భుజం ఎగరడం ఆయన చిన్నతనం తర్వాత చూసుకోవడం అదే మొదటిసారి.

"మెహరాజమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "ఆ పొద్దు అబద్ధం చెప్పినా. నాకు ఎనిమిదో ఏట నుంచి ఉండాది. ఆ పొద్దు రాసుకున్నది కొట్టేయి."

మెహరాజ్ ఫైలు తెరిచి కొట్టేసింది. పెన్ను గీత చప్పుడు ఆయనకు వినబడింది.

రెడ్డెమ్మ టవల్‌ను చేతుల్లో తిప్పింది. ఒక మూల పోగులు లేచి చిరిగి ఉంది. మిగతా మూడు మూలలూ బాగున్నాయి. "నలభై ఏండ్ల నుంచి ఉతుకుతాండా" అంది, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "ఎన్ని టవళ్లు మార్చినా ఈ మూలే యాల చిరుగుతాదని ఒక్కనాడూ అడగలే నేను." కోడలి వైపు తల తిప్పబోయి ఆగింది. చిట్టి నీళ్ల సీసా మూత ఊడి ఉంటే తీసి బిగించింది. బిగించిందాన్నే మళ్లీ బిగించింది.

"టికెట్లు ఒద్దులే" అన్నాడు మహేష్. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియలేదు.

దేవిక మహబూలా ఫ్లాటుకు చేరాక, చెప్పులు విడిచి, చిట్టి భుజం మీది గీత చూసి, మందు రాసి, అప్పుడొచ్చి మామ ఎదురుగా నిలబడింది. ఏడవలేదు.

"ఐదు వారాలండి మావయ్యా. రోజూ మా అమ్మకి ఫోన్ చేసి, మనింట్లో ఎవరికుందో నిజం చెప్పు, దాచకు అని నిలదీశానండి. మా అమ్మ ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. మొన్నయితే చచ్చిపోయిన మా నాయనమ్మ పేరు ఎత్తి, ఆవిడకేవన్నా ఉందేమోనే అంది. పాపం, ఏదో ఒకటి చెప్పాలని."

చిన్నపుల్లయ్య కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడ్డాడు.

"నేను చెప్పనండి. మీరే చెప్పండి" అని వీడియో కాల్ కలిపి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

తెర మీద దేవిక తల్లి సూరాయమ్మ ముఖం వచ్చింది. వాకిట్లో కూర్చుని ఉన్నట్టుంది, వెనక కొబ్బరి మట్టలు కనిపిస్తున్నాయి. వియ్యంకుడిని చూసి గబుక్కున కొంగు సర్దుకుంది. "అన్నయ్యగారా, బాగున్నారాండి? పిల్ల కులాసాయేనా?"

అలవాటు చొప్పున ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

"చెల్లెమ్మా" అన్నాడు. "చిట్టికి ఉండేది మీ ఇంటిది కాదమ్మా. నాది. నాకు ముందే తెలుసు. తెలిసి కూడా అందరి ముందర లేదంటి. మీ మీద పడనిస్తి."

చెబుతుండగానే భుజం ఎగిరింది. దాచలేదు. సూరాయమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. అది రెండోసారి ఎగిరేదాకా చూసింది. కోపం వస్తుందని, తిడుతుందని ఆయన కాచుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అటు ఎవరినో కేకేసి పొయ్యి మీది గిన్నె దించమంది. మళ్లీ ఇటు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి అడిగింది.

"నెప్పెడతాదాండి, అన్నయ్యగారూ? అలా ఎగిరినప్పుడు?"

అరవై ఏళ్లలో ఆ మాట ఆయనను అడిగినవాళ్లు లేరు. అడగనివ్వలేదు కూడా. గది మూలలో చిట్టి పరుపు పరిచి, పడుకుని, నక్షత్రంలా చేతులు చాపి, తాత వచ్చి ఏడు లెక్కపెట్టాలని చూస్తోంది. దేవిక వంటింటి గుమ్మంలో వీపు తిప్పుకుని నిలబడి ఉంది, వింటూనే ఉంది.

చిన్నపుల్లయ్య తల దించుకున్నాడు.

"పెడతాదమ్మా" అన్నాడు.