అరవై బళ్లూ, ఒక తాళం

కాలుగాలిన పిల్లిలా ఆ గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది గంటమ్మ. పాతికేళ్లు బడిలో ఆయాగా ఉండి గంట కొట్టింది కాబట్టి అందరికీ ఆమె గంటమ్మే. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆవిడే గుర్తు తెచ్చుకోవాలి. గోడకవతల హాలు కిటకిటలాడుతోంది. ముప్పై ఏళ్లు శాసనసభ్యుడిగా ఉండి, అరవై బళ్లు తెరిపించి, ఈ రోజుతో పదవి దిగిపోతున్న పెద్దాయనకు సన్మానం. ఆయన గురించి రెండు ముక్కలు చెప్పమని గంటమ్మను పిలిచారు.

"కాస్త కూర్చోండి పిన్నిగారూ, మిమ్మల్ని చూస్తే నాకే కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు వాళ్ల బడి హెడ్మాస్టరు. "నేను రాసిచ్చిందే చెప్పండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

"చెబుతాలే నాయనా. మనవరాలు చదివి చదివి నా చెవులకు చిల్లులు పొడిచింది. నోటికొచ్చేసింది."

నోటికైతే వచ్చింది కానీ మనసే ఒప్పుకోవడం లేదు. ఆ కాగితం నిండా పొగడ్తలే, ఒక్కటీ అబద్ధం కాదు. అయినా అందులో ఆ సంగతి లేదు. పెద్దాయన కొత్తగా గెలిచిన ఏడాది, యాభైమందిలోపు పిల్లలున్న బళ్లు మూసెయ్యాలని సభలో తీర్మానం పెడితే, ఈయనా చెయ్యెత్తాడు. గంటమ్మ తన చేత్తోనే బడికి తాళం వేసింది. ఇంకో బడి ఏడు మైళ్ల అవతల. దాంతో ఆమె కూతురు ఇస్త్రీ కొట్టులో పనికి కుదిరింది. ఏడాది తిరిగాక పెద్దాయన వచ్చి, ఆ తాళం చూసి, మెట్టు మీద కూలబడ్డాడు. "పక్కాయన ఎత్తాడని నేనూ ఎత్తానమ్మా. కాగితం చదవనేలేదు" అన్నాడు. మొదట ఆ బడే తెరిపించాడు. కూతురు మాత్రం మళ్లీ ఆ గడప తొక్కలేదు, ఆ ఊసే ఎత్తలేదు.

ఆ కూతురే ఇప్పుడు నాలుగో వరసలో కూర్చుంది. రాసిచ్చిందే చెబితే కన్నబిడ్డకు అన్యాయం. ఉన్నది చెబితే, ఇంత మేలు చేసిన మనిషిని నలుగురిలో తలదించుకునేలా చేసినట్టు.

పిలుపొచ్చింది. వెళ్లి మైకు ముందు నిలబడింది.

"ఈయన అరవై బళ్లు తెరిచాడు. మీరు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఒకటి మూశాడు కూడా. ఆ ఒక్కదాంట్లో మా అమ్మాయి ఉంది. ఏడో తరగతిలో ఆగిపోయింది."

హెడ్మాస్టరు ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఏడు కాదమ్మా!" నాలుగో వరస నుంచి కేక. కూతురు లేచి నిలబడింది. "ఎనిమిది! ఎనిమిది సగం!"

జనం ఆమె వైపు తిరిగారు. పెద్దాయన తడబడుతూ లేచి మైకు దగ్గరికొచ్చాడు.

"మా గంటమ్మ చెప్పింది నిజం. ఆ రోజు చదవకుండా చెయ్యెత్తాను." కూతురి వైపు తిరిగి, "మరి ఆ మిగతా సగం ఎప్పుడమ్మా?" అన్నాడు.

"ఇప్పుడా సార్? నాకు నలభైమూడు!"

"నాకు డెబ్బైరెండు. రేపట్నుంచి పనేం లేదు. నేనే చెబుతా."

"లెక్కలొచ్చా మీకు?"

"రావు."

"అయితే ఆలోచించి చెబుతా."

హాలంతా గొల్లున నవ్వింది. గంటమ్మ మాత్రం మైకు కడ్డీ పట్టుకుని కూతురికేసే చూస్తోంది. అది నవ్వుతోందో ఏడుస్తోందో అంత దూరానికి ఆమె కళ్లకు ఆనలేదు.