చాపత్త పాట

పెళ్లిళ్లలో మగపెళ్లివారిని తిట్టే పాటలు కట్టడంలో తాండూరులో నా భార్య బాలమణికి పేరుండేది. వియ్యంకుడి గుణాలు తెలియకపోతే నా గుణాలు పెట్టి పాడేది. ఆమె పోయి రెండేళ్లు. మొన్న వీధిలో పెళ్లి బరాత్ పోతుంటే డీజే పెట్టెల్లోంచి ఆమె గొంతు వచ్చింది.

"చాపత్త మూడుమార్లు ఎండబెట్టెనమ్మా, సుట్టమొస్తె దీపమార్పి పండుకున్నడమ్మా!"

ఆ టీపొడి పాటకు వీధంతా ఎగిరింది. యాలాల్‌లో ప్రణయ్ అనేవాడు ఏదో పెళ్లిలో ఆమె పాడుతుంటే ఫోనులో ఎక్కించుకుని, డప్పులు కలిపి, యూట్యూబ్‌లో తన పేరుతో పెట్టుకున్నాడట. దొంగతనం. రైలెక్కి వికారాబాద్ పోయి జిల్లా సైబర్ పోలీసులకు దరఖాస్తు ఇచ్చాను. ఎస్సై కుమారస్వామి ప్రణయ్‌ని పిలిపించాడు.

"ఇంటర్నెట్ల దొంగతనం ఆపుడంటే గాలికి తాళమేసుడే, పెద్దాయనా," అన్నాడు ఎస్సై.

"ముందుగాల మీతాన తాళమన్న ఉన్నదా?" అన్నాను.

ప్రణయ్ అందుకున్నాడు. "అందరు పాడుకునే పాట సార్. గిది ఎవ్వరి సొత్తు గాదు."

"బాణీ అందరిది. మాటలు నా భార్యవి," అన్నాను.

"రుజువేంది?" అన్నాడు ఎస్సై.

"గా పాటల పిసినారిని నేనే."

గది నవ్వింది. పక్కింటి జుబేదాకు ఫోను కలిపి స్పీకర్ పెట్టాను.

"జుబేదా, నేను పిసినారినని సారుకు చెప్పు."

"హాయల్లా! నేనెట్ల చెప్త భాయ్?"

"ఫికర్ చెయ్యకు. చెప్పు."

ఎన్నేళ్లుగా కాచుకుని ఉందో. "సచ్ సార్! వాడిన చాపత్త గోడ మీద ఎండబోస్తె మా మేక తిన్నది. ఈయనొచ్చి మేకతోని లొల్లి పెట్టుకున్నడు! ఇంగ మొన్న ఈద్‌కు సేమియా పంపిస్తే..."

ఫోను కట్ చేశాను.

"రుజువైంది," అన్నాడు ఎస్సై. "తీసెయ్‌రా."

ప్రణయ్ వేలు ఆగింది. "తాతా, అసలు పాటున్న నా పాత ఫోన్ పలిగింది. గిది తప్ప ఇంకోటి లేదు. మీతాన ఉన్నదా?"

లేదు. ఇంట్లో రోజూ మోగేదాన్ని ఎవడు దాచుకుంటాడు?

"నాకో కాపీ తీసియ్యి," అన్నాను.

"కాపీ తీసుడే దొంగతనమంటివి గద?" అన్నాడు ఎస్సై.

నా ఫోను ప్రణయ్‌కి అందించాను. వాడు తిప్పి తిప్పి చూశాడు. "గీ బటన్ల ఫోన్ల పాటలెక్కయి తాతా. కొత్తది కొనుర్రి."

"కొన."

"మరి తీసెయ్యాల్నా?"

ఎస్సై చాయ్ తెప్పించాడు. తాగాను.

"ఉండనియ్," అన్నాను. "నీ పేరు తీసెయ్. బాలమణి అని రాయ్."

ఇప్పుడు బరాత్ వస్తే గేటు దగ్గర నిలబడతాను. డప్పులు ఆమె గొంతును సగం మింగేస్తాయి.

"చాపత్త మూడుమార్లు ఎండబెట్టెనమ్మా..."

"రెండే," అంటాను.

బతికున్నప్పుడూ నా మాట వినలేదు. తర్వాతి చరణం ఎత్తుకుంటుంది.